రాతిపెళ్ళలు

మా లంకలో రాయి దొరకదు.
ఎంత తవ్వినా ఒండ్రు, ఒండ్రు కింద ఇసుక,
ఇసుక కింద నీళ్ళు.
కాకిని తోలాలన్నా పిల్లలు
ఎండిన మట్టిబెడ్డే విసరాలి.

అలాంటి నేల మీంచి
మా తాత జల్లి మోషే
కొండలు పగలగొట్టడానికి వెళ్ళాడు.
అప్పటిదాకా ఆయనకి కొండంటే
గడ్డివామి కన్నా కాస్త ఎత్తైనది.

పయనీరు కంపెనీలో తుపాకీ ఇవ్వలేదు.
పలుగిచ్చారు, పారిచ్చారు,
మెళ్ళో వేసుకోమని ఇత్తడి బిళ్ళ:
నాలుగొందల పదిహేడు.
వాళ్ళు రోడ్డేశారు. రోడ్డు మీద లారీలెళ్ళాయి,
లారీల్లో సిపాయిలెళ్ళారు.
ఎండాకాలం రాగానే కరిగిన మంచు
రోడ్డుని లోయలోకి తోసేసింది.
మళ్ళీ వేశారు.

తిరిగొచ్చాక తాతకి మిగిలింది
ఒక కంబళీ, ఒక అలవాటు.
కాలవగట్టున గుంట కనబడితే చాలు
ఇటుకముక్క వెతికి వేసి, మడమతో తొక్కి,
ఇంకోసారి తొక్కి గానీ కదిలేవాడు కాదు.
"ఈ గట్టుకి నీకు జీతం ఎవడిస్తాడు?"
నానమ్మ తిడుతూ ముందు నడిచేది.

వైనతేయ గట్టు దిగువన సిపాయిల దిబ్బ.
ముందు వరసలో సిమెంటు పలకలు,
ఏటా సున్నం.
వెనక వరసలో తాటిమొద్దులు పాతారు,
చెద తినేసింది.
తాత ఎక్కడున్నాడో నానమ్మ
అడుగులు లెక్కపెట్టి చెబుతుంది,
ఒక్కోసారి ఒక్కో లెక్క.

ఈ ఏడు మేటు బొంతు ఆరోను
పింఛను డబ్బు ముందు పెట్టాడు.
తలా కొంత వేస్తే రాయొచ్చింది:
రేవు దాకా లారీ మీద, ఆపైన పంటు మీద.
పంటు సరంగు ఆ రాయికి టిక్కెట్టు కొట్టలేదు.

రాయి పైన ఏం చెక్కాలో తేలడానికి
మూడాదివారాలు పట్టింది.
తుపాకీ అన్నారు కుర్రాళ్ళు.
లేకపోతే మిలటరీ వాళ్ళని ఎలా తెలుస్తుందీ అని.
ఆరోను మాట్లాడలేదు, ఇంటికెళ్ళి గునపం తెచ్చి
బల్ల మీద పెట్టాడు.
కొన మొద్దుబారి, జానెడు పొట్టిదైపోయింది.
"మిగతాది జోజిలా కొండలో ఉంది," అన్నాడు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు.
పదకొండుమందికి బిళ్ళ నంబర్లే మిగిలాయి.
ఒకడికి నంబరూ లేదు, ఇంటిపేరూ లేదు.
పులుసు అబ్బులు, వంటోడు.
"ఇదెలా చెక్కను?" అన్నాడు కొమ్మోజు వీరాచారి
ఉలి పక్కన పెట్టి.
"చెక్కు. ఆకలేసినప్పుడు మేం పిలిచిన పేరు అదే."

ముసుగు తీసే రోజుకి ముందు రాత్రంతా వాన.
పెద్దాఫీసరు గారి కారు
దిబ్బ మలుపులో ఇరుసు దాకా దిగబడింది.
తోసినవాళ్ళ మొహాల నిండా బురద,
కారు మాత్రం అంగుళం కదల్లేదు.
అప్పుడు నవ్వింది నానమ్మ,
చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని,
ఎంతసేపో.

రాయి చెక్కగా రాలిన పెళ్ళలు
గోనెసంచుల్లో ఒక మూల పడున్నాయి.
మా అత్త లోయమ్మ తట్టకెత్తింది,
వెనకాలే ఇంకో నలుగురు ఆడాళ్ళు.
చక్రాల కింద పోశారు, గుంటల్లో పోశారు,
దిబ్బ గుమ్మం దాకా పోసుకుంటూ వెళ్ళారు.
ఆరోను చెప్పులు విడిచి
మడమతో తొక్కి చూసి,
ఇంకోసారి తొక్కి,
రమ్మన్నట్టు చెయ్యూపాడు డ్రైవరుకి.

ఆఫీసరు గారు ఏం మాట్లాడారో గుర్తులేదు.
మైకు తడిసి గరగరలాడింది.
నాలుగొందల పదిహేడు పక్కన
తాత పేరు లోతుగానే దిగింది;
'షే' దగ్గర ఉలి కొంచెం జారినట్టుంది.

ఇప్పుడు ఆ దారినే
రొయ్యల చెరువులకి సైకిళ్ళు పోతున్నాయి.
చక్రాల కింద కరకరమంటుంటాయి
ఆ పేర్లలోంచి రాలిన ముక్కలు.